చిన్న చమురు, సహజవాయు అన్వేషణ కంపెనీల షేర్లలో వ్యక్తిగత మదుపు

నిర్వచనం, పరిధి

చమురు, సహజవాయువు కోసం నేలలోనో సముద్రగర్భంలోనో వెదకడం, దొరికితే వెలికితీసి అమ్మడం ప్రధాన వ్యాపారంగా గల నమోదిత కంపెనీల్లో, ఒకటి రెండు బ్లాకుల మీదో కొద్దిపాటి బావుల మీదో ఆధారపడి నడిచేవాటిని చిన్న అన్వేషణ కంపెనీలుగా లెక్కిస్తారు. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఈ కోవలోకి రావు. చమురును శుద్ధి చేసే రిఫైనరీలు, గొట్టాల ద్వారా గ్యాస్ పంపిణీ చేసే కంపెనీలు కూడా రావు. సొంత పొదుపుతో, సొంత డీమ్యాట్ ఖాతా ద్వారా ఇలాంటి షేర్లు కొనే సాధారణ మదుపరుల గురించి, అందులోనూ హైదరాబాద్ నడిబొడ్డున అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల నుంచి ఈ మార్కెట్‌ను చూసేవారి గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ రంగంలో మదుపరి లాభనష్టాలను తేల్చేది బావిలో ఏదో దొరికిందన్న వార్త కాదు. దొరికినదానిలో ఎంత పైకి తీయగలరు, అందులో ఆ కంపెనీ వాటా ఎంత, తీసేదాకా ఖర్చు ఎవరు భరిస్తారు అన్న మూడు విషయాలే తేలుస్తాయి. గోదావరి తీరంలో గత మూడు దశాబ్దాల్లో జరిగినది ఇందుకు కావలసినంత సాక్ష్యం ఇస్తుంది.

'ఆయిల్ కంపెనీ' అని ఒకే పేరుతో పిలవడం వల్ల మదుపరులు తరచూ పొరబడుతుంటారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఆల్ఫాజియో భూకంప తరంగాల పద్ధతిలో భూగర్భ సర్వేలు చేసే సంస్థ. నార్కట్‌పల్లి దగ్గర కర్మాగారం ఉన్న ఆయిల్ కంట్రీ ట్యూబులర్ బావుల్లోకి దించే పైపులు తయారుచేస్తుంది. రెండూ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైనవే, రెండింటి ఆదాయమూ అన్వేషణ మీద ఆధారపడినదే. అయినా ఇవి అన్వేషణ కంపెనీలు కావు. బావి ఎండుదని తేలినా సర్వే బిల్లు, పైపుల బిల్లు చెల్లించక తప్పదు. వీటికి ముప్పు బావి విఫలం కావడం వల్ల కాదు, టెండర్లు ఆగిపోవడం వల్ల వస్తుంది.

అమీర్‌పేట, పంజగుట్ట: మార్కెట్ నేపథ్యం (చూ. హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ)

హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ 1943లో ఏర్పడింది. దాని చివరి కార్యాలయం పంజగుట్టకు ఆనుకున్న సోమాజిగూడలో ఉండేది. సభ్యుల యాజమాన్యాన్నీ వ్యాపార హక్కులనూ విడదీయాలన్న నిబంధనను గడువులోగా నెరవేర్చలేకపోవడంతో 2007 ఆగస్టులో దాని గుర్తింపు రద్దయింది. అప్పటికే వ్యాపారమంతా జాతీయ ఎక్స్ఛేంజీల తెరల మీదికి మారిపోయింది. ప్రాంతీయ ఎక్స్ఛేంజీ పోయాక బ్రోకర్ల శాఖలు, వారి తరఫున పనిచేసే అధీకృత వ్యక్తుల చిన్న కార్యాలయాలు మిగిలాయి, ఆ తర్వాత మొబైల్ యాప్‌లు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ కోర్సులకు పేరుపడ్డ అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లోని బోర్డుల మధ్య షేర్ మార్కెట్ శిక్షణ ప్రకటనలు కూడా కనిపిస్తాయి. వీటిలో ఎక్కువగా నేర్పేది ధరల చార్టులు చదవడం. చిన్న అన్వేషణ కంపెనీ విలువ మాత్రం చార్టులో కనిపించని భూగర్భ అంచనాల్లో ఉంటుంది.

చమురు పేరు ఉన్న షేరుతో పంజగుట్టకు మరో సంబంధం కూడా ఉంది. ఇక్కడి నాగార్జున హిల్స్ చిరునామాగా ఉన్న నాగార్జున ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ తమిళనాడులోని కడలూరులో రిఫైనరీ తలపెట్టింది. 2011 నాటి పునర్వ్యవస్థీకరణలో ఆ పెట్టుబడిని విడదీసి నాగార్జున ఆయిల్ రిఫైనరీ పేరిట ప్రత్యేక కంపెనీగా చేశారు. ఎరువుల కంపెనీ వాటాదారులకు కొత్త కంపెనీ షేర్లు అందాయి. అదే ఏడాది డిసెంబరు 30న థానే తుపాను కడలూరును తాకి నిర్మాణంలో ఉన్న ప్లాంటును దెబ్బతీసింది. రిఫైనరీ నిర్మిస్తున్న సంస్థ 2017లో దివాలా ప్రక్రియలోకి, 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్లింది. ఇది రిఫైనరీయే తప్ప అన్వేషణ కాదు. అయినా ఆదాయం రాకముందే వేల కోట్లు ఖర్చుపెట్టాల్సిన ఒకే ప్రాజెక్టు మీద ఆధారపడిన షేరుకు ఏమవుతుందో చెప్పడానికి పొరుగునే ఉన్న ఉదాహరణ ఇది. 2016 నాటి దివాలా స్మృతిలోని 53వ సెక్షన్ ప్రకారం ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్ములో సామాన్య వాటాదారుల వంతు అన్నిటికన్నా చివర వస్తుంది.

చరిత్ర: గోదావరి తీరానికి చిన్న కంపెనీల రాక (చూ. కృష్ణా–గోదావరి బేసిన్, రవ్వ క్షేత్రం)

కృష్ణా–గోదావరి బేసిన్‌లో మొదటి దశ అన్వేషణ ఓఎన్‌జీసీది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ జరిగి, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్ని, మంటలు 65 రోజుల పాటు ఎగసిపడ్డాయి. ఓఎన్‌జీసీ ఆ నష్టాన్ని తట్టుకుంది, దానికి దేశమంతటా బావులున్నాయి. ఒకే బావి ఉన్న కంపెనీకి అలాంటి ప్రమాదం ఎదురైతే వాటాదారుడికి మిగిలేది శూన్యం.

ప్రైవేటు కంపెనీలు ఈ తీరంలో అడుగుపెట్టింది రవ్వ క్షేత్రంతో. ఎస్.యానాం సమీపంలో, తీరానికి కాస్త దూరంలో, 1987లో ఓఎన్‌జీసీ కనుగొన్న ఈ క్షేత్రానికి 1994 అక్టోబరులో ఉత్పత్తి పంపక ఒప్పందం కుదిరింది. అందులో ఓఎన్‌జీసీకి 40 శాతం వాటా దక్కింది, వీడియోకాన్ మరో భాగస్వామి. నిర్వహణ బాధ్యత ఆస్ట్రేలియాకు చెందిన చిన్న కంపెనీ కమాండ్ పెట్రోలియం తీసుకుంది. స్కాట్లండ్‌కు చెందిన కెయిర్న్ ఎనర్జీ 1996లో ఆ కంపెనీనే కొనేసింది. మొదట సుమారు 10 కోట్ల పీపాల చమురు వస్తుందనుకున్న రవ్వ ఆ తర్వాత 20 కోట్ల పీపాలు దాటి ఇచ్చింది. నిల్వల అంచనా ఎప్పుడూ కిందికే తప్పుతుందనుకోవడం పొరపాటని ఇది చెబుతుంది. అయితే ఆ పెరుగుదల ఎవరికి దక్కిందో గమనించాలి. ఆ ఫలం అమ్మి తప్పుకున్న కమాండ్ వాటాదారులకు కాదు, కొన్నవారికి దక్కింది. చిన్న కంపెనీ మంచి క్షేత్రం మీద కూర్చున్నప్పుడు పెద్ద కంపెనీ దాన్ని ముందుగానే కొనేయడం ఈ రంగంలో మామూలే.

కెయిర్న్ రాజస్థాన్‌లోని ఒక బ్లాకులోనూ భాగస్వామి అయింది. 2002లో అక్కడి షెల్ వాటాను కేవలం 70 లక్షల డాలర్ల పైచిలుకుకు కొంది. 2004 జనవరిలో మంగళ క్షేత్రం బయటపడింది, అదే ఏడాది కెయిర్న్ లండన్ మార్కెట్‌లోని 100 పెద్ద కంపెనీల సూచీలోకి చేరింది. చిన్న చమురు షేరుతో తలరాత మారిపోతుందన్న నమ్మకానికి ప్రపంచమంతటా చూపే ఉదాహరణల్లో ఇదొకటి. భారతీయ మదుపరికి ఆ అవకాశం వచ్చేసరికి ధర మారిపోయింది. 2006 డిసెంబరులో కెయిర్న్ ఇండియా ఒక్కో షేరును 160 రూపాయలకు ఇచ్చింది. 2007 జనవరి 9న నమోదైన రోజునే ధర అంతకన్నా కిందికి దిగింది. మంగళలో ఉత్పత్తి మొదలైంది 2009 ఆగస్టులో. కనుగొన్న నాటికీ నూనె అమ్మిన నాటికీ మధ్య అయిదేళ్లకు పైగా పట్టింది, అదీ ఎడారి నేల మీద.

నిక్షేపం, నిల్వ: అంచనాల తరగతులు (చూ. దీన్‌దయాళ్ క్షేత్రం; కేజీ–డీ6)

భూగర్భంలో ఉన్నదంతా 'నిక్షేపం'. అందులో ఇప్పటి సాంకేతికతతో, ఇప్పటి ధరలకు లాభసాటిగా తీయగలిగినదే 'నిల్వ'. అంతర్జాతీయ పద్ధతిలో నిల్వలను మూడుగా విభజిస్తారు: ధృవీకృత, సంభావ్య, సాధ్య. ధృవీకృత నిల్వ అంటే అంచనా వేసినంత గానీ అంతకన్నా ఎక్కువ గానీ దొరికే అవకాశం కనీసం 90 శాతం ఉన్నది. సంభావ్యం కలిపితే అది 50 శాతం, సాధ్యం కూడా కలిపితే 10 శాతం. ఉందని తెలిసినా వాణిజ్యపరంగా తీయడం ఇంకా తేలనిది ఈ మూడింటికీ బయట, ఆకస్మిక వనరుల కింద ఉంటుంది. ఇంకా బావే తవ్వనిది సర్వే పటం మీద ఊహ మాత్రమే. మార్కెట్‌లో వినిపించే పెద్ద అంకెలు చాలావరకు ఈ చివరి రెండు తరగతులవి.

ఈ తేడా ఎంత ఖరీదైనదో కాకినాడ తీరానికి దూరంలోని దీన్‌దయాళ్ క్షేత్రం చూపింది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ అక్కడ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ కనుగొన్నదని 2005 జూన్‌లో ప్రకటన వెలువడింది. జీఎస్‌పీసీ షేరు మార్కెట్‌లో లేదు. కానీ ఆ బ్లాకులో 10 శాతం వాటా కెనడాలోని కాల్గరీ కేంద్రంగా నడిచే జియోగ్లోబల్ రిసోర్సెస్ అనే చిన్న కంపెనీది, దాని షేరు అమెరికాలో ట్రేడయ్యేది. అన్వేషణ ఖర్చు భాగస్వామే భరించే క్యారీడ్ వాటా అది. ప్రకటన తర్వాత కొద్ది నెలల్లోనే ఆ షేరు అనేక రెట్లు పెరిగింది. తర్వాత క్షేత్రాభివృద్ధి పత్రాల్లోకి ఎక్కిన పరిమాణం తొలి ప్రకటనలో పదోవంతు స్థాయికి పడిపోయింది. పొరల్లో ఒత్తిడి, వేడి అసాధారణంగా ఎక్కువ, రాయి బిగువు, గ్యాస్ సులువుగా కదలదు. ఖర్చులో జియోగ్లోబల్ వంతు ఎంత అన్నదానిపై భాగస్వాముల మధ్య వివాదం కూడా ముదిరింది. జియోగ్లోబల్ షేరు విలువ దాదాపు అంతా కరిగిపోయింది. చివరికి 2017లో జీఎస్‌పీసీ తన 80 శాతం వాటాను దాదాపు 99.5 కోట్ల డాలర్లకు ఓఎన్‌జీసీకి అమ్మింది. భూగర్భంలో గ్యాస్ ఉన్న మాట అబద్ధం కాదు. షేరు కొన్నవారు మాత్రం బయటికి రాని గ్యాస్‌కు ధర చెల్లించారు.

రిలయన్స్ నిర్వహించిన కేజీ–డీ6 దీనికన్నా ఆలోచింపజేసే ఉదాహరణ, ఎందుకంటే ఇక్కడ ఉత్పత్తి నిజంగానే జరిగింది. 2002లో కనుగొన్న ధీరూభాయ్–1, 3 క్షేత్రాల్లో 10.3 లక్షల కోట్ల ఘనపుటడుగుల నిల్వలున్నాయని, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయవచ్చని 2006 నాటి ప్రణాళిక. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ తీరం చేరింది. 2010లో 6 కోట్ల ఘనపు మీటర్లు దాటిన రోజువారీ ఉత్పత్తి 2013–14 నాటికి అందులో నాలుగో వంతు కన్నా తగ్గింది, నిల్వల అంచనాను దాదాపు 3 లక్షల కోట్ల ఘనపుటడుగులకు కుదించారు. రిలయన్స్‌కు రిఫైనరీలు, పెట్రోకెమికల్స్ అండగా ఉన్నాయి. అదే బ్లాకులో 10 శాతం వాటా గల నైకో రిసోర్సెస్‌కు (ఇది కూడా కాల్గరీ కంపెనీయే) అలాంటి అండ లేదు. 2010లో టొరంటోలో 100 కెనడా డాలర్లు దాటిన నైకో షేరు 2015 నాటికి ఒక్క డాలరు కన్నా కిందికి చేరింది. కొత్త అభివృద్ధి ఖర్చుల్లో తన వంతు చెల్లించలేక బ్లాకులోని వాటానూ పోగొట్టుకుంది. 2020 డిసెంబరులో అదే బ్లాకులోని ఆర్–క్లస్టర్ క్షేత్రం నుంచి గ్యాస్ మళ్లీ మొదలైనప్పుడు యజమానులు రిలయన్స్, బీపీ మాత్రమే. క్షేత్రం బతికింది, చిన్న భాగస్వామి వాటాదారుడు మాత్రం ఆ రోజుదాకా నిలవలేకపోయాడు.

భారత మార్కెట్‌లో లభించే షేర్లు

మన ఎక్స్ఛేంజీల్లో అసలైన చిన్న అన్వేషణ కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 1983లో ఏర్పడిన హిందుస్థాన్ ఆయిల్ ఎక్స్‌ప్లొరేషన్ కంపెనీ చెన్నై నుంచి పనిచేస్తుంది. కావేరి తీరంలో దాని పీవై–1 గ్యాస్ క్షేత్రం ఉత్పత్తిలోకి వచ్చాక అంచనాలకు అందలేదు, ఆస్తుల విలువను భారీగా తగ్గించి రాసుకోవలసి వచ్చింది. 2017 ఆగస్టులో అస్సాంలోని దిరోక్ క్షేత్రం మొదలయ్యాక కంపెనీ మళ్లీ కోలుకుంది. గుజరాత్‌లోని బక్రోల్, ఇంద్రోరా, లోహార్ వంటి పాత క్షేత్రాలతో నడిచిన సెలాన్ ఎక్స్‌ప్లొరేషన్ తర్వాత యాంటిలోపస్ అనే కంపెనీతో కలిసి పేరు మార్చుకుంది. ప్రభుత్వ సంస్థలు కనుగొని వదిలేసిన చిన్న క్షేత్రాలను వేలం వేసే విధానం 2015లో వచ్చాక ఇలాంటి కంపెనీలకు కొత్త దారి దొరికింది. అక్కడ నూనె ఉన్న సంగతి ముందే తెలుసు, గిట్టుబాటు అవుతుందా అన్నదే ప్రశ్న. మదుపరి దృష్టిలో ఇది కొత్త బావి మీద పందెం కన్నా తక్కువ ముప్పు గలది.

షేరు ధర నడిచే తీరు

ఇలాంటి కంపెనీ ఎక్స్ఛేంజీకి ఇచ్చే ప్రకటన నమూనాగా ఇలా ఉంటుంది: 'బావిలో 18 మీటర్ల మందం గల హైడ్రోకార్బన్ పొర తగిలింది, అర అంగుళం చోక్ ద్వారా పరీక్షించగా రోజుకు 900 పీపాల చమురు వచ్చింది.' చదవగానే 900ను 365తో గుణించాలనిపిస్తుంది. అది తప్పు. చోక్ అంటే ప్రవాహాన్ని అదుపుచేసే సన్నని ద్వారం. పరీక్ష కొన్ని గంటలే సాగి ఉండవచ్చు. ఆ కొన్ని గంటల్లో ఒత్తిడి ఎంత పడిపోయింది, నూనెతో పాటు నీరు ఎంత వచ్చింది అన్నవి ప్రకటనలో లేకపోతే 900 అన్న అంకెకు ఏడాది ఉత్పత్తితో సంబంధమే ఉండదు. పొర 18 మీటర్ల మందమే కావచ్చు, అది పక్కలకు ఎంతవరకు పరుచుకుందో తెలియాలంటే ఇంకో రెండు మూడు బావులు తవ్వాలి. ఆ బావులకు డబ్బు కావాలి.

వాటాదారుడికి అసలు దెబ్బ తగిలేది అక్కడే. ఒక కంపెనీకి 10 కోట్ల షేర్లు, ఒక క్షేత్రంలో 20 శాతం వాటా ఉన్నాయనుకుందాం. క్షేత్రంలో ధృవీకృత, సంభావ్య నిల్వలు కలిపి కోటి పీపాలైతే కంపెనీ భాగం 20 లక్షల పీపాలు, షేరుకు 0.02 పీపా. తవ్వకం ఖర్చుకు రైట్స్ ఇష్యూ ద్వారానో ప్రిఫరెన్షియల్ కేటాయింపు ద్వారానో మరో 5 కోట్ల షేర్లు జారీ చేస్తే అదే నిల్వ షేరుకు 0.013 పీపాగా మారుతుంది. బావిలో ఏ తప్పూ జరగలేదు, కొత్త షేర్లు కొనని పాత వాటాదారుడి వంతు మాత్రం మూడో వంతు తగ్గింది. ఇందులోంచి రాయల్టీ, ప్రభుత్వ వాటా, సెస్సు పోవాలి. ఉత్పత్తి పంపక ఒప్పందంలో కంపెనీ ముందు ఖర్చు రాబట్టుకుంటుంది. 2016 మార్చిలో వచ్చిన హెల్ప్ అనే అన్వేషణ లైసెన్సు విధానం కింద ఆదాయం మొదలైన నాటి నుంచే ప్రభుత్వానికి వాటా వెళుతుంది. ఒకే పరిమాణం గల రెండు క్షేత్రాలకు షేరు విలువ వేర్వేరుగా ఉండటానికి ఈ ఒప్పంద భేదం ఒక్కటే చాలు.

అభ్యంతరాలు, సమాధానాలు

ఈ వాదన మీద మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. పది షేర్లలో తొమ్మిది పోయినా కెయిర్న్ లాంటిది ఒక్కటి తగిలితే చాలన్నది మొదటిది. లండన్, టొరంటో, సిడ్నీల్లో ఇలాంటి కంపెనీలు పెద్ద సంఖ్యలో ఉన్నచోట ఈ లెక్కలో కొంత బలం ఉంది. మన దగ్గర కొనదగ్గవే కొన్ని ఉన్నప్పుడు పది చోట్ల పంచడం కుదరదు. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపి విదేశీ షేర్లు కొనవచ్చు, విదేశీ ఎక్స్ఛేంజీల మార్జిన్ కోసం పంపడం మాత్రం నిషిద్ధం. కానీ అమీర్‌పేటలో కూర్చుని గయానా తీరంలోని బావి సమాచారాన్ని తూకం వేయడం గోదావరి బావి సమాచారం కన్నా సులువు కాదు. పైగా మంగళ వెనుక రవ్వ ఆదాయం ఉంది. ఏ రాబడీ లేని కంపెనీతో కెయిర్న్‌ను పోల్చడం సరికాదు.

గోదావరి జిల్లాల వారికి ఈ వ్యాపారం దగ్గరగా తెలుసు కాబట్టి తెలుగు మదుపరికి ముందంజ ఉంటుందన్నది రెండోది. రిగ్గు వచ్చిందో లేదో, గ్యాస్ మంట వెలుగుతోందో లేదో ఊరివారికి తెలిసే మాట నిజమే. అయితే ధీరూభాయ్ క్షేత్రాల అంచనా తప్పింది సముద్రం అడుగున, దేశంలోని అత్యుత్తమ నిపుణుల చేతుల్లో. అక్కడ స్థానిక పరిచయం ఏ విధంగానూ అక్కరకు రాదు. మూడోది, ముప్పు ఇంత ఉంటే ఈ షేర్లు ఎవరూ కొనకూడదా అన్నది. ఆ నిర్ణయం సరైనది కాదు. ఉత్పత్తి ఆదాయం ఉండి, అప్పు తక్కువగా ఉండి, నిల్వలకు స్వతంత్ర ధృవీకరణ ఉన్న కంపెనీ షేరు మిగతా షేర్లలాగే పరిశీలించదగినది. చమురు దిగుమతుల మీద ఇంతగా ఆధారపడిన దేశంలో చిన్న క్షేత్రాలకు ప్రైవేటు పెట్టుబడి రావడం అవసరం కూడా. పోయినా ఇల్లు గడిచే సొమ్ముతో, పైన చెప్పిన మూడు విషయాలూ తేల్చుకున్నాకే కొనాలన్నది ఇక్కడి వాదన.

నియంత్రణ, పన్నులు

అన్వేషణ ఒప్పందాల సాంకేతిక పర్యవేక్షణ 1993లో ఏర్పడిన హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్‌ది, షేర్ల వ్యవహారం మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీది. ధరను ప్రభావితం చేసే ఏ సమాచారాన్నైనా నమోదిత కంపెనీ వెంటనే ఎక్స్ఛేంజీకి తెలపాలి. అసాధారణంగా పెరిగే షేర్లను ఎక్స్ఛేంజీలు ఏఎస్‌ఎం, జీఎస్‌ఎం నిఘా జాబితాల్లో పెడతాయి. 2024 జులై 23 నుంచి ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం, ఆ తర్వాత అమ్మితే ఏడాదికి 1.25 లక్షల రూపాయలు దాటిన లాభం మీద 12.5 శాతం పన్ను. 2022 జులైలో ముడిచమురు ఉత్పత్తి మీద విధించిన అదనపు పన్ను నుంచి అంతకుముందు ఏడాదిలో 20 లక్షల పీపాల కన్నా తక్కువ తీసినవారిని మినహాయించారు. ఆ పన్నును 2024 డిసెంబరులో ఎత్తివేశారు.

మదుపరుల రక్షణ

కంపెనీ మంచిదైనా షేరు భద్రంగా ఉండాలి. హైదరాబాద్ కేంద్రంగా దేశమంతటా విస్తరించిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను దుర్వినియోగం చేసిందంటూ 2019 నవంబరు 22న సెబీ ఆంక్షలు విధించింది. మరుసటి ఏడాది నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ ఆ సంస్థను ఎగవేతదారుగా ప్రకటించింది. డిపాజిటరీ నుంచి నేరుగా వచ్చే హోల్డింగ్ పత్రాన్ని నెలనెలా చూసుకోవడం, బ్రోకరుకు ఇచ్చిన అధికార పత్రంలో ఏముందో చదవడం అందుకే అవసరం. సలహాలు అమ్మేవారికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. శిక్షణ మాత్రమే ఇస్తున్నామనేవారు గత మూడు నెలల ధరలను పాఠాల్లో వాడరాదని సెబీ 2025 జనవరిలో స్పష్టం చేసింది. పాఠం పేరుతో టిప్స్ ఇవ్వడాన్ని ఆపడమే దీని ఉద్దేశం.

చిన్న అన్వేషణ కంపెనీల విషయంలో ఈ నిబంధన శిక్షణ సంస్థలకు ఒక మంచి అవకాశం కూడా. దీన్‌దయాళ్, డీ6, పీవై–1, రవ్వల కథలన్నీ ఏళ్లనాటివి, ఏ నిబంధనా అడ్డురాదు. అమీర్‌పేటలో షేర్ల కోర్సులు నడిపేవారు చార్టులతో పాటు వార్షిక నివేదికలోని నిల్వల పట్టికను, ఒప్పందంలో కంపెనీ వాటాను, నగదు ప్రవాహ పట్టికను చదవడం కూడా నేర్పాలి.